మనవాళ్ళే కదా అన్న నమ్మకం మీద



అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, చేతిలో రెండు మూడు కరపత్రాలు పడతాయి. జావా, పైథాన్, ఒరాకిల్, సేల్స్‌ఫోర్స్, ఎస్‌ఏపీ. కొత్త బ్యాచ్ రేపటి నుంచే, డెమో ఉచితం. నీలగిరి బ్లాక్, ఆదిత్య ఎన్‌క్లేవ్ గోడల మీద తెల్లారేసరికి కొత్త ఫ్లెక్సీలు పడుతుంటాయి. శ్రీకాకుళం నుంచి, ఒంగోలు నుంచి, కరీంనగర్ నుంచి వచ్చిన పిల్లలు ఎస్సార్ నగర్ హాస్టళ్ళలో గదికి నలుగురైదుగురు ఉంటూ పొద్దున ఆరున్నర బ్యాచ్‌కి పరుగులు తీస్తారు. హుడా కట్టిన ఒక వాణిజ్య సముదాయం పేరు అమెరికాలో డల్లాస్ దాకా, న్యూజెర్సీ దాకా తెలిసిపోయిందంటే అది ఈ పిల్లల కష్టం వల్లే. కాలేజీలో దొరకని చదువును మూడు నెలల్లో కూర్చుని నేర్చుకుని, ఇంటి అప్పులు తీర్చి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసిన వాళ్ళు లక్షల్లో ఉన్నారు. నేను చెప్పబోయేది ఆ పిల్లల మీద ఫిర్యాదు కాదు. వాళ్ళను నీడలా వెంటాడే ఒక నేరం గురించి చెబుతాను. దాని తీరు అర్థం కావాలంటే ముందు ఇటలీ వాళ్ళ కథ కొంత చెప్పుకోవాలి.

1880 నుంచి 1920 మధ్య నలభై లక్షల మందికి పైగా ఇటాలియన్లు అమెరికా చేరారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేదలు. సిసిలీ, కలాబ్రియా, నేపుల్స్ చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. చదువు లేదు, ఇంగ్లీషు రాదు. రేవులో దిగగానే వాళ్ళ యాసలో మాట్లాడే మనిషి ఒకడు ఎదురొచ్చేవాడు. అతన్ని పద్రోనే అనేవారు. ఓడ టికెట్టు డబ్బు అతనే పెట్టేవాడు, పని అతనే చూపేవాడు, ఉండడానికి గది అతనిదే, సరుకులు కొనే కొట్టు అతనిదే, ఇంటికి ఉత్తరం రాసిపెట్టేదీ డబ్బు పంపేదీ అతనే. జీతం మాత్రం కూలీ చేతికి కాదు, అతని చేతికి వచ్చేది. రైలు పట్టాలు వేసిన ఆ కూలీకి నెలాఖరున మిగిలేది కొంచెం, పద్రోనేకి తీర్చాల్సిన బాకీ ఎంతో. తన భాషలో పలకరించిన ఒకే ఒక్క మనిషి తనను దోచుకుంటున్నాడని తెలిసినా, ఆ ఊళ్ళో మరో దిక్కు లేదు.

నేర కుటుంబాలు మొలిచింది ఇలాంటి నేలలోనే. 1903 ప్రాంతం నుంచి న్యూయార్క్ ఇటాలియన్ వాడల్లో బెదిరింపు ఉత్తరాలు రావడం మొదలైంది. కింద నల్లటి చెయ్యి గుర్తు. ఫలానా రోజుకి ఫలానా మొత్తం ఇవ్వకపోతే నీ కొట్టు పేల్చేస్తాం, నీ కొడుకును ఎత్తుకుపోతాం అని. ఉత్తరం రాసినవాడు ఇటాలియనే, అందుకున్నవాడూ ఇటాలియనే. రొట్టెల దుకాణం వాడు, కిరాణా వాడు, కాస్త డబ్బు కూడబెట్టుకున్న మేస్త్రీ. సంపన్నులైన అమెరికన్ల జోలికి వాళ్ళు పెద్దగా పోలేదు. పోతే పోలీసులు ఊరుకోరు. సొంతవాళ్ళను దోస్తే పట్టించుకునేవాడు ఉండడు. ప్రపంచమంతా మెచ్చిన గాయకుడు ఎన్రికో కరూసోకి కూడా అలాంటి ఉత్తరం వచ్చింది. మొదటిసారి అడిగింది ఇచ్చేశాడు. వెంటనే అంతకు ఎన్నో రెట్లు అడుగుతూ రెండో ఉత్తరం వచ్చింది. అప్పుడు గానీ పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. కరూసో అంతటివాడే మొదట నోరు మూసుకుని ఇచ్చాడంటే బ్రూక్లిన్‌లో రొట్టెలు కాల్చుకునేవాడి సంగతి ఊహించండి.

ఆ ఉత్తరాల వెంట పడిన మనిషి జో పెట్రొసీనో. ఇటలీలోని పదూలా అనే చిన్న ఊళ్ళో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, బూట్లు తుడిచి బతికి, 1883లో న్యూయార్క్ పోలీసుల్లో చేరాడు. వాడల్లో మాట్లాడే యాసలు వచ్చిన పోలీసు లేకపోతే ఈ నేరం అంతు తేలదని పట్టుబట్టి ఇటాలియన్ దళం ఒకటి పెట్టించాడు. దోచుకునేవాళ్ళకు ఆయుధంగా ఉన్న భాషనే వాళ్ళ మీద తిప్పాడు. 1909లో నేరగాళ్ళ పాత రికార్డులు తేవడానికి రహస్యంగా ఇటలీ వెళితే ఆ సంగతి న్యూయార్క్ పత్రికలో ముందే అచ్చయింది. మార్చి 12 రాత్రి పలెర్మోలో మరీనా కూడలి దగ్గర కాల్చి చంపారు. న్యూయార్క్‌లో ఆయన శవయాత్రకు రెండు లక్షల మందికి పైగా వచ్చారని చెబుతారు. ఇటాలియన్ అనగానే మాఫియా నాయకుడి పేరు చెప్పడానికి అలవాటుపడ్డ మనకు పెట్రొసీనో పేరు తెలియకపోవడం అన్యాయం. సినిమాలు డాన్ల మీద వచ్చినన్ని ఈయన మీద రాలేదు.

ఇదే కథలో మరో చీకటి పక్క ఉంది, దాన్ని దాటవేయకూడదు. 1890 అక్టోబరులో న్యూ ఆర్లియన్స్ పోలీసు అధిపతి డేవిడ్ హెనెసీని ఎవరో కాల్చి చంపారు. ఇటాలియన్ల పనే అన్నారు. కోర్టులో నేరం రుజువు కాలేదు. 1891 మార్చి 14న వేలమంది గుంపు జైలు మీద పడి పదకొండుమంది ఇటాలియన్లను చంపేసింది. పేరున్న పెద్దమనుషులే గుంపును నడిపించారు. కొందరి నేరానికి జాతి మొత్తాన్ని బోనెక్కిస్తే జరిగేది అది. నేను ఈ ప్రసంగంలో ఎవరి పేరు చెప్పినా, ఏ కేసు చెప్పినా, ఆ పదకొండుమందిని మీరు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఇటాలియన్ ముఠాల్లో ఇవాళ అన్నిటికన్నా గట్టిది కలాబ్రియా వాళ్ళ ఎన్‌డ్రాంగెటా. దాని బలం రక్తసంబంధం. తండ్రి, కొడుకులు, అన్నదమ్ములు, మేనల్లుళ్ళు, వియ్యంకులు. పోలీసులకు సాక్ష్యం చెప్పాలంటే సొంత నాన్న మీద, సొంత బావ మీద చెప్పాలి. అందుకే సిసిలీ ముఠాల నుంచి వచ్చినంతమంది సాక్షులు దీని నుంచి రాలేదు. వలస వెళ్ళిన ప్రతిచోటికీ ఈ కుటుంబాలు వెళ్ళాయి. కెనడాలో టొరంటో, ఆస్ట్రేలియాలో ద్రాక్షా నారింజా పండించే గ్రిఫిత్ అనే పట్నం, జర్మనీ పారిశ్రామిక నగరాలు. గ్రిఫిత్‌లో గంజాయి సాగు మీద గొంతెత్తిన డొనాల్డ్ మకాయ్ అనే దుకాణదారు 1977 జులై 15 సాయంత్రం హోటల్ కారు పార్కింగులో మాయమైపోయాడు, శవం ఇప్పటికీ దొరకలేదు. సాన్ లూకా అనే కొండపల్లెలో 1991లో ఉత్సవం నాడు కుర్రాళ్ళు గుడ్లు విసురుకున్న గొడవ రెండు వంశాల పగ అయి, పదహారేళ్ళ తర్వాత 2007 ఆగస్టు 15న జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో ఒక ఇటాలియన్ హోటల్ ముందు ఆరుగురిని బలి తీసుకుంది. చనిపోయిన వాళ్ళలో ఒక కుర్రాడు ఆ రాత్రే పద్దెనిమిదో పుట్టినరోజు చేసుకుని బయటికి వచ్చాడు.

మరి మన సంగతి? తెలుగువాళ్ళకు విదేశాల్లో ఇలాంటి మాఫియా వంశాలు ఉన్నాయా అంటే, లేవు. ఆ మాట తడుముకోకుండా చెప్పొచ్చు. మన సంఘాలు చీలాయి, కులాల వారీగా విడిపోయాయి, సభల్లో కుర్చీలు లేచాయి, అంతవరకే. కానీ పద్రోనే మనకూ ఉన్నాడు. వందేళ్ళకు ముందే ఉన్నాడు.

విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల్లో పాతతరం వాళ్ళు రంగూన్‌ను రంగం అనేవారు. ఫలానా వాళ్ళ తాత రంగం పోయాడు అని ఇప్పటికీ వింటాం. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి పోయినవాళ్ళు కాబట్టి బర్మాలో తెలుగువాళ్ళకు కోరంగీలని పేరు పడింది. రంగం రేవులో ఓడల సరుకు ఎత్తి దింపింది చాలావరకు మనవాళ్ళే. వాళ్ళను తీసుకెళ్ళింది మేస్త్రీ. ఓడ ఖర్చుకు బయానా ఇచ్చేవాడు, ఊళ్ళో ఇంటికి కొంత ఇచ్చేవాడు. అక్కడికి చేరాక కంపెనీ కూలి డబ్బు మేస్త్రీకి ఇచ్చేది, అతని కింద మరో మేస్త్రీ, అతని కింద ఇంకొకడు, అందరూ తలా కొంత మినహాయించుకున్నాక కూలీ చేతికి వచ్చేది. బయానా తీరేదాకా మేస్త్రీని వదిలి పోవడానికి లేదు. 1930 మే నెలలో కూలి పెంచమని మన రేవు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మా వాళ్ళను పనిలో పెట్టాయి. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి రాగానే బర్మా వాళ్ళను పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలై రంగం వీధుల్లో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది భారతీయులు, కూలీలు. మేస్త్రీ వ్యవస్థ గురించి మన పాఠ్యపుస్తకాల్లో రెండు పేజీలైనా ఉండాలని నా కోరిక. విదేశం పోయేవాడిని సొంత మనిషే అప్పుతో కట్టేసే పద్ధతి మనకు కొత్త కాదని పిల్లలకు తెలియాలి.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు కేసుకు వస్తున్నాను. ఇది వింటుంటే బాధ కలుగుతుంది, అయినా వినండి.

కృష్ణా జిల్లా మైలవరం పక్కన వెల్వడం అనే ఊరుంది. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లా. ఆ ఊరి లకిరెడ్డి బాలిరెడ్డి 1960లో అమెరికాలోని బర్కిలీకి ఇంజనీరింగ్ చదవడానికి వెళ్ళాడు. తర్వాత హోటల్ పెట్టాడు, ఇళ్ళు కొన్నాడు, అద్దెకిచ్చాడు. 1990ల చివరికి బర్కిలీలో వెయ్యికి పైగా అపార్టుమెంట్ల యజమాని. యూనివర్సిటీ చుట్టుపక్కల అద్దెకుండే విద్యార్థులకు ఆయన పేరు తెలియకుండా ఉండేది కాదు. సొంత ఊరికి బడులు, రోడ్లు. 1998లో మైలవరంలో ఆయన పేరిట ఇంజనీరింగ్ కాలేజీ. ఊళ్ళో ఆయన మాటకు తిరుగులేదు.

1999 నవంబరు 24న బర్కిలీలో ఆయనకే చెందిన ఒక అపార్టుమెంటులో హీటరు గొట్టం మూసుకుపోయి విషవాయువు నిండింది. పదిహేడేళ్ళ తెలుగు అమ్మాయి చనిపోయింది. ఆమె చెల్లెలు స్పృహ తప్పి ఉంది. అదే సమయంలో మార్షా పూల్ అనే స్థానిక మహిళ కారులో అటు పోతూ, కొందరు మగవాళ్ళు చుట్టిన తివాచీ మోసుకుని వ్యాన్ దగ్గరికి వస్తుండడం చూసింది. తివాచీలోంచి ఒక కాలు వేలాడుతోంది. ఏడుస్తున్న మరో అమ్మాయిని బలవంతంగా బండి ఎక్కిస్తున్నారు. ఆమె కారు ఆపి, దిగి, అడ్డం పడి, దారినపోయేవాళ్ళ చేత పోలీసులకు ఫోన్ చేయించింది. ఆ అమ్మాయిల భాష ఆమెకు తెలియదు, వాళ్ళెవరో తెలియదు. ఆమె ఆగకపోతే ఈ కేసు ఉండేదే కాదు.

మొదట అందరూ దాన్ని ప్రమాదం అనే రాశారు. మరో కోణం పట్టుకున్నది పెద్ద పత్రికలు కాదు, బర్కిలీ హైస్కూలు పిల్లలు నడుపుకునే పత్రిక. పదిహేడేళ్ళ పిల్ల మన ఊళ్ళో ఉంటూ మన బడికి ఎందుకు రాలేదు అని ఆ పిల్లలు అడిగారు. ఎంత సూటి ప్రశ్న! వాళ్ళు కొద్దిమందితో మాట్లాడి, ఆ అమ్మాయిలు చదువుకోవడానికి రాలేదని, పనికోసం తెచ్చారని రాశారు. ఆ తర్వాత పోలీసులు, ఇమిగ్రేషన్ వాళ్ళు తవ్వితే బయటపడింది ఇది: వెల్వడం ప్రాంతపు పేద కుటుంబాల నుంచి మనుషులను తెస్తున్నారు. దళిత కుటుంబాల ఆడపిల్లలు వాళ్ళలో ఉన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు చూపించి హెచ్1బీ వీసా తెచ్చిన ఒకడి కూతుళ్ళుగా రాయించి ఈ అక్కాచెల్లెళ్ళను దేశంలోకి రప్పించారు. ఇళ్ళు శుభ్రం చేయించారు, హోటల్లో పని చేయించారు. మైనరు ఆడపిల్లలను ఆయన లైంగికంగా వాడుకున్నాడు.

కేసులో ఆయనతో పాటు ఇద్దరు కొడుకులు, తమ్ముడు, మరదలు నిందితులు. 2001లో ఆయన నేరం ఒప్పుకున్నాడు. లైంగిక నేరం కోసం మైనర్లను దేశం దాటించడం, వీసా మోసానికి కుట్ర, ఆదాయపు పన్నులో అబద్ధం. శిక్ష 97 నెలల జైలు, బాధితులకు ఇరవై లక్షల డాలర్ల పరిహారం. 2008లో విడుదలయ్యాడు.

ఇటాలియన్ల కథ విన్న తర్వాత ఈ కేసును మరోసారి చూడండి. టికెట్టు, పని, గది, జీతం అన్నీ ఒకే చేతిలో. నడిపించేది ఒక కుటుంబం. బాధితులకు తెలిసిన భాష ఒక్క తెలుగే, ఆ తెలుగు మాట్లాడే వాళ్ళంతా యజమాని మనుషులే. ఊళ్ళో తల్లిదండ్రులు ఆయన దయమీద బతికేవాళ్ళు, నోరెత్తితే వాళ్ళకేమవుతుందో అన్న భయం. తుపాకీ ఒక్కటీ అక్కర్లేకపోయింది. ఊరి పెత్తనాన్ని, కులం పెత్తనాన్ని పసిఫిక్ తీరం దాకా యథాతథంగా మోసుకుపోగలిగారు. పైగా దానికి వాడిన దారి కంప్యూటర్ ఉద్యోగాల వీసా. మైత్రీవనంలో చదివే పిల్లలు రాత్రింబవళ్ళు కలలు కనే అదే కాగితం.

ఆ కేసు బయటపడ్డాక మన సమాజం ఏం చేసింది? నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బయటివాళ్ళ ముందు పరువు పోతుందని చాలామంది మాట్లాడలేదు. ఊరికి మేలు చేసినవాడని వెనకేసుకొచ్చిన వాళ్ళున్నారు. బాధితుల పక్కన నిలబడడానికి బర్కిలీ ప్రాంతంలోని దక్షిణాసియా యువతీయువకులు 2000లో అసాటా అనే సంఘం పెట్టుకున్నారు, ఆయన హోటల్ ముందు నిలబడి నినాదాలిచ్చారు. వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. అదే ఏడాది అక్టోబరులో అమెరికా మనుషుల అక్రమ రవాణా బాధితుల రక్షణ చట్టం తెచ్చింది. దొంగ కాగితాల మీద వచ్చినా సరే, బలవంతపు చాకిరీకి బలైన మనిషికి టీ వీసా ఇచ్చి దేశంలో ఉండనిచ్చే దారి ఆ చట్టం వల్లే వచ్చింది. నోరు విప్పితే నన్నే పంపించేస్తారు అని భయపడే మన పిల్లలకు ఈ ఒక్క ముక్క తెలిసి ఉండాలి.

బర్కిలీ కేసంత క్రూరం కాకపోయినా, అదే దారాల అల్లిక తర్వాత కూడా చూశాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద ఇమిగ్రేషన్ అధికారుల దాడి జరిగింది. పదిహేను వందలకు పైగా విద్యార్థులు, నూటికి తొంభై అయిదుగురు భారతీయులు, వాళ్ళలో అత్యధికులు తెలుగువాళ్ళు. సగం మందికి పైగా ఒకే అపార్టుమెంటు చిరునామాలో ఉన్నట్టు రికార్డుల్లో రాశారు. తరగతులు లేవు, వీసా నిలబెట్టే కాగితాలే ఉన్నాయి. నడిపిన సూసన్ సూ అనే ఆమెకు 2014లో పదహారేళ్ళకు పైగా జైలు పడింది. ఆమె చైనా నుంచి వచ్చిన మనిషి, తెలుగు రాదు. మరి ఇంతమంది తెలుగు పిల్లలు ఆమె దగ్గరికి ఎలా చేరారు? కొత్తవాళ్ళను చేర్పిస్తే విద్యార్థులకే కమీషన్. రూమ్మేటు చెప్పాడు, సీనియర్ చెప్పాడు, మన జిల్లా అన్న చెప్పాడు. మన పిల్లల కాళ్ళకు నిఘా పట్టీలు వేసినప్పుడు దేశమంతా కోపగించుకుంది, అది న్యాయమే. కమీషన్ తీసుకున్న ఆ అన్నల మీద కోపం మాత్రం ఎవరికీ రాలేదు.

ఎనిమిదేళ్ళకు మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. దాన్ని పెట్టిందే అమెరికా హోంల్యాండ్ భద్రతా విభాగం, ఎరగా. 2019 జనవరి చివర్లో ఒక్క ఊపున 130 మంది విద్యార్థులను పట్టుకుంటే వాళ్ళలో 129 మంది భారతీయులు. మధ్యవర్తులుగా పనిచేసిన ఎనిమిదిమంది మీద కేసు పెడితే ఎనిమిదిమందీ నేరం ఒప్పుకున్నారు. ఆ పేర్లలో ఎక్కువ తెలుగు పేర్లే. రెండున్నర లక్షల డాలర్లకు పైగా తీసుకున్నారని అభియోగం. ప్రభుత్వమే దొంగ విశ్వవిద్యాలయం పెట్టి, అనుమతి ఉన్న సంస్థల జాబితాలో దాని పేరు చేర్చి, ఫీజులు వసూలు చేసి, ఆ తర్వాత పిల్లలను పట్టుకోవడం నాకు ఒప్పుదలగా అనిపించదు. అమెరికాలోనే ఎందరో తప్పుపట్టారు, విద్యార్థులు కోర్టుకూ వెళ్ళారు. తెలుగు సంఘాలు అప్పుడు లాయర్లను పెట్టి పిల్లలకు అండగా నిలబడ్డాయి, మెచ్చుకోవాలి. అయినా ఎనిమిదిమంది మన భాషలోనే నమ్మించారన్న నిజం మారదు.

ఈ గొలుసు మొదటి కొస మైత్రీవనం, పంజాగుట్ట చుట్టుపక్కల దొరుకుతుంది. అన్ని సంస్థలూ అలాంటివి కావు, నిజాయితీగా పాఠం చెప్పే గురువులు ఇక్కడ వందల్లో ఉన్నారు. వాళ్ళ పక్క గదిలోనే మరో వ్యాపారం నడుస్తుంటుంది. చేయని ఉద్యోగానికి అనుభవం కాగితం, చదవని డిగ్రీకి సర్టిఫికెట్, వీసా ఇంటర్వ్యూ కోసం నాలుగు రోజులు బ్యాంకు ఖాతాలో చూపించే డబ్బు. హైదరాబాద్ పోలీసులు ఇలాంటి నకిలీ సర్టిఫికెట్ల ముఠాలను పట్టుకున్న వార్త ఏటా వింటూనే ఉన్నాం. పిల్లల మధ్య ఫేక్ పెట్టడం అన్న మాట మామూలైపోయింది. ఆ పిల్లవాడు అమెరికా చేరాక కన్సల్టెన్సీ వాడి గెస్ట్‌హౌస్‌లో ఉంటాడు. ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద. బెంచ్ కాలానికి చట్టప్రకారం జీతం ఇవ్వాలి, చాలామందికి ఇవ్వరు. బయో డేటాలో ఎనిమిదేళ్ళ అనుభవం రాసేది వాళ్ళే, ఇంటర్వ్యూలో గొంతు మార్చి మాట్లాడేదీ వాళ్ళే. ప్రాజెక్టు వచ్చాక జీతంలో వాటా కోసుకునేదీ వాళ్ళే. ఎదురు తిరిగితే, నీ ఫేక్ సంగతి బయటపెడతాం అంటారు. తన చేత తప్పు చేయించినవాడి చేతుల్లోనే తన తప్పుకు సాక్ష్యం ఉంటుంది. నల్ల చెయ్యి గుర్తు వేసిన ఉత్తరం చేసిన పని ఇక్కడ ఒక్క వాట్సాప్ మెసేజ్ చేస్తుంది.

ఈ తప్పుల బరువు నిజాయితీగా చదివిన వాళ్ళ మీద ఎలా పడుతుందో ఒక్క లెక్క చాలు. 2023 వసంతంలో హెచ్1బీ లాటరీకి 7.8 లక్షల నమోదులు వచ్చాయి. అందులో 4 లక్షలకు పైగా, ఒకే మనిషి పేరిట ఒకటికి మించి కంపెనీలు వేసినవి. అన్నీ మోసాలని కాదు, అన్నీ మనవాళ్ళవీ కాదు. కానీ కంపెనీలు కుమ్మక్కై కొందరికి అవకాశాలు పెంచాయని అమెరికా అధికారులే చెప్పి, మరుసటి ఏడాది నుంచి ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒక్కటే చీటీ అని పద్ధతి మార్చారు. ఈ మధ్యలో ఒకే ఒక్క దరఖాస్తు వేసుకుని లాటరీ తగలక తిరిగొచ్చిన వాళ్ళ గోడు ఎవరు విన్నారు?

ఆగ్నేయాసియా సంగతి ఇంకా ఘోరం. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టింది గుర్తుండే ఉంటుంది. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, మనిషి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, అక్కడ ముఠాలకు అప్పగించారు. పాస్‌పోర్టు లాక్కుని, గదుల్లో పెట్టి, సైబర్ మోసాలు చేయించారు. చేయనన్న వాళ్ళకు తిండి పెట్టలేదు, కొట్టారు. ముఠా పెద్దలు చైనా వాళ్ళు. మన కుర్రాళ్ళు వాళ్ళకు ఎందుకు కావాల్సి వచ్చారు? తెలుగువాడికి ఫోన్ చేసి తెలుగులో నమ్మించడానికి. ఇక్కడ పెన్షన్ డబ్బు పోగొట్టుకున్న రిటైర్డ్ టీచరూ, అక్కడ దెబ్బలు తింటూ ఆ ఫోన్ చేసిన నిరుద్యోగీ ఇద్దరూ మనవాళ్ళే, అతన్ని అక్కడికి అమ్మిన ఏజెంటూ మనవాడే. ఆ మే నెలలోనే కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో మూడు వందల మంది దాకా భారతీయులు తిరగబడ్డారు, ఆ తర్వాత కొందరు ఇల్లు చేరారు.

శ్రోతలారా, పరాయి దేశంలో మనవాళ్ళే అన్న నమ్మకం గొప్ప ఆస్తి. దాని మీదనే సంఘాలు నిలబడ్డాయి, ఎవరైనా చనిపోతే వారంలో చందాలు పోగుచేసి శవాన్ని ఇల్లు చేర్చే మంచితనం నిలబడింది. దాన్ని వదులుకోమని నేను అనను. ఆ నమ్మకాన్ని అమ్ముకునేవాడిని బయటపెట్టడం వల్ల జాతి పరువు పోతుందన్న మాటను మాత్రం ఒప్పుకోను. ఇటాలియన్ల పరువు నిలబెట్టింది పెట్రొసీనో, నోరు మూసుకున్న వాళ్ళు కాదు. విదేశాల్లోని మన తెలుగు సంఘాలు పెద్ద సభల్లో డబ్బిచ్చిన ప్రతివాడికీ శాలువా కప్పేముందు, ఆ డబ్బు ఎవరి జీతంలోంచి కోసిందో ఒక్కసారి విచారించాలి. వేసవిలో జరిగే సభల్లో సినిమా తారలకు ఇచ్చే సమయంలో ఒక గంట, జీతం అందని పిల్లలకు ఉచితంగా సలహా చెప్పే లాయరుకు ఇవ్వాలి. ఆ సలహా చెప్పే చోట తెలుగు మాట్లాడే మనిషి ఉండాలి, ఆ మనిషి ఏ కంపెనీ వాడూ కాకూడదు.

ఇళ్ళల్లో ఉన్న తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. గల్ఫ్‌కో మరో దేశానికో పనికి పంపే ఏజెంటు ఎంత దగ్గరి చుట్టమైనా సరే, కేంద్ర ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని లైసెన్సు ఉందో లేదో చూడండి. లైసెన్సున్న ఏజెంటు తన సేవకు ముప్పై వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. టూరిస్టు వీసా మీద ఉద్యోగం అంటే ఒప్పుకోకండి. అమెరికా వెళ్ళిన మీ అబ్బాయి పాస్‌పోర్టు తన దగ్గర లేదన్నా, జీతం ఎవరి ఖాతాకో వెళుతోందన్నా, అక్కడి మనుషుల అక్రమ రవాణా నిరోధక హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయించండి. నంబరు రాసుకోండి: 1-888-373-7888. దుబాసీ సాయం అడగవచ్చు. ఇక్కడ సైబర్ మోసం జరిగితే 1930. ఫోనులో ఫీజు గురించి, ర్యాంకు గురించి అడిగే ముందు, నీ జీతం నీ చేతికే వస్తోందా నాన్నా అని అడగండి. వాడు ఒక్క క్షణం తడబడినా వదలకండి, మళ్ళీ అడగండి. తప్పు కాగితాలతోనే వెళ్ళినా సరే, మేమున్నాం, చెప్పు అనండి.